ధూమశకటము – రైలుబండి: రాజమహేంద్రవరపు ఇనుపదారి, తెలుగురచన

ఒక పట్టణమును గూర్చి వ్రాసినవారు అచటి మార్పులలో దేనిని చూచిరి, దేనిని చూడక విడిచిరి అని విచారించుట చరిత్రకారుని పనియే కాని సాహిత్యవిమర్శకుని పని కాదని కొందఱందురు. నా కట్లు తోపదు. రచయిత చూపు ఎచట నిలిచినదో, ఎచట నిలువక జాఱినదో తెలుపు సాక్ష్యము అతడు వాడిన మాటలోనే యుండును. మాటను పరీక్షించుట మన పని. ఈ వ్యాసమున పరీక్షింపదలచినది మా పట్టణమైన రాజమహేంద్రవరమునందలి రైలుమార్గమును, దానిని గూర్చి తెలుగువారు వ్రాసిన తీరును. ఇందు మార్గము చరిత్ర కొంతయు, మాటల చరిత్ర కొంతయు కలిసి వచ్చును. ఆ రెంటిని విడదీయుట నా కిష్టము లేదు.

మా ఊరి స్థలచరిత్రలును, పండ్రెండేండ్ల కొకమాఱు వెలువడు పుష్కర సంచికలును చదివినవారికి వాని నడక కంఠస్థమై యుండును. చాళుక్యరాజులతో ఆరంభము, పిదప నన్నయభట్టు, రెడ్డిరాజులు, కాటను దొర ఆనకట్ట, వీరేశలింగము పంతులు, ఆ వెనుక హేవలాకు వంతెన. వంతెన దగ్గఱకు వచ్చునప్పటికి వాక్యము లెక్కలలోనికి దిగును. 1897 నవంబరులో పని ఆరంభమైనదనియు, 1900 ఆగస్టులో బండ్లు నడచినవనియు, నూటయేబది అడుగుల ఖానాలు 56 అనియు, వాల్టన్ అను ఇంజనీరు కట్టించెననియు, అప్పటి మద్రాసు గవర్నరైన సర్ ఆర్థర్ ఎలిబాంక్ హేవలాకు పేర దానిని పిలిచిరనియు చెప్పి, అది పట్టణమునకు తలమానికమని ముగింతురు. లెక్కలలో తప్పు లేదు. లెక్కలు చెప్పి ఊరకుండుటలోనే లోపమున్నది.

ఆ లోప మెట్టిదో చూపుటకు కాటను ప్రస్తావమే చాలును. దవళేశ్వరపు ఆనకట్ట 1847 మొదలు 1852 వఱకు కట్టబడినది. దానిని కట్టించిన సర్ ఆర్థర్ కాటను రైళ్ళకు ప్రతికక్షి. నీటిమీది రవాణా చౌక యనియు, అదే కాలువ పైరునకు నీరిచ్చి పడవకు దారి యిచ్చుననియు, రైళ్ళమీద గ్రుమ్మరించు ధనమును కాలువలమీద పెట్టిన దేశము బాగుపడుననియు ఆయన చిరకాలము వాదించెను. గోదావరి కాలువలు సేద్యమునకు మాత్రమే త్రవ్వినవి కావు. వానిమీది లాకులే అందులకు సాక్ష్యము. ఏలూరు కాలువ మీదుగా కృష్ణ కాలువలను, అచటి నుండి బకింగుహాము కాలువను కలిసికొని, కాకినాడ మొదలు మద్రాసు వఱకు పడవ పోవుటకు వీలైన జలమార్గ మొకటి క్రమముగా ఏర్పడినది. 1893 మొదలు ఈ తీరమున పడిన ఇనుపదారి ఆ జలమార్గము బేరమును హరించుటకే వచ్చినట్లు దాని ప్రక్కప్రక్కనే నడచినది. స్థలచరిత్రలో కాటను పేరాయు, హేవలాకు వంతెన పేరాయు ఇరుగుపొరుగున నుండును. మొదటివాని ఆశయమునకు రెండవది ఓటమి యను మాట ఆ రెండిటి నడుమ కనబడదు. ఆనకట్టను పొగడిన గొంతే శ్రుతి మార్చక వంతెనను పొగడును.

ఇంతకన్న వింత యొకటి కలదు. ఆనకట్టకు కావలసిన రాయిని దవళేశ్వరపు కొండ నుండి ఏటిగట్టునకు చేర్చుటకు కాటనే ఇనుప పట్టాల దారి వేయించెను. బొంబాయి నుండి ఠాణాకు మొదటి ప్రయాణికుల బండి నడచినది 1853 ఏప్రిలు 16వ తేదీన. అంతకు పూర్వమే, మనుష్యులను మోయుటకు కాక రాళ్ళను మోయుటకైనను, గోదావరి గట్టున పట్టాలుండెను. రైలును వలదన్నవాని చేతులమీదుగానే మా సీమలో మొదటి పట్టాలు పడినవి. ఆ పట్టాలు మోసిన రాళ్ళతో లేచిన ఆనకట్ట రైలునకు ప్రత్యర్థియైన పడవమార్గమును పుట్టించినది. ఆ పడవమార్గమును మరల పట్టాలే అణచినవి. కథ చెప్ప నేర్చినవాడు ఆగవలసిన చో టిది. మన స్థలచరిత్రకారులు ఇచట ఆగరు. వారికి ప్రతి కట్టడమును ఒక ఘనతయే. ఒక ఘనత మఱియొక ఘనతను త్రోసి వచ్చినదని ఒప్పుకొనుటకు మనసు రాదు.

ఇక మాటల సంగతి. రైలు తెలుగుదేశమునకు వచ్చిన తొలినాళ్ళలో గ్రాంథికరచయితలు దానిని ధూమశకటమనిరి. వ్యవహారమున పొగబండి యనిరి. రెండును అవయవార్థము కల మాటలే. పొగ విడుచు బండి కావున పొగబండి. అవయవార్థమును, రూఢియు కలిసిన శబ్దమును మనవారు యోగరూఢ మందురు గదా. ఆవిరి యింజను ఉన్నంతకాలము ధూమశకటము అట్టి శబ్దమై చెల్లినది. పెద్దపట్టాలమీద ఆవిరి యింజను 1990 దశకమున అంతరించినది. పొగ పోయిన పిమ్మట అవయవార్థము పోయి మాట వట్టి రూఢిగా మిగులవలసినది. కాని అట్లును మిగులలేదు. ధూమశకటము నేడు పరిహాసమునకు మాత్రమే పనికివచ్చుచున్నది. పొగబండి పిల్లల పాటలలో దాగినది. ఆవిరి యింజను ఊపిరిని అనుకరించు ధ్వన్యనుకరణశబ్దమును, దానిని ఎన్నడును విని యెఱుగని పసిపిల్లలు, నేటికిని చేతులు త్రిప్పుచు పలుకుచున్నారు. వస్తువు పోయి ధ్వని మిగులుట భాషలో అరుదు కాదు కాని, ఇంత తేటగా కనబడు తావులు తక్కువ.

జనము వాడిన మాటలు వేఱు త్రోవన పోయినవి. ఇంగ్లీషున రైలు అనగా పట్టా, బండి కాదు. తెలుగువాడు ఆ మాటను గైకొని బండికి పెట్టినాడు. పట్టాకు తన యింటి మాటయే పెట్టుకొన్నాడు. బండి గదులకు పెట్టె యనినాడు. ఇంజను ఈలకు కోడిని తలచుకొని కూత యనినాడు. దారి వేసిన మట్టిగట్టునకు చెఱువుగట్టును తలచుకొని కట్ట యనినాడు. స్టేషను వాని నోట టేసను అయినది. పనివాండ్ర నాయకుడు మేస్త్రీ. ఇది పోర్చుగీసు నుండి ఏనాడో వచ్చి స్థిరపడిన మాట. బరువులెత్తువాడు ఖలాసీ, ఇది ఓడరేవుల నుండి నడచి వచ్చినది. ఈ మాటల నన్నింటిని ఒకచోట చేర్చి చూచినయెడల, పండితుడు కొత్తవస్తువునకు సంస్కృతమున పేరు కుట్టుచుండగా, పామరుడు దానిని తన కోళ్ళగంప దగ్గఱకు, చెఱువుగట్టు దగ్గఱకు తెచ్చుకొని ఇంటివస్తువును చేసికొన్నాడని తెలియును. నిలిచినవి పామరుని మాటలే. నేటి పత్రికలలో పథకము పట్టాలెక్కినదనియు, చర్చ పట్టాలు తప్పినదనియు వ్రాయుచున్నారు. ధూమశకటమునకు ఇట్టి సంతానము కలుగలేదు.

సాహిత్యమున రైలు లేకుండుట యెట్టిదో తెలిసినగాని, ఉండుట యెట్టిదో తెలియదు. అందులకు మా ఊరి గ్రంథమే యొకటి యున్నది. వీరేశలింగము పంతులు రాజశేఖరచరిత్రము 1878లో వివేకవర్ధనిలో ఆరంభమై 1880లో గ్రంథరూపమున వెలువడినది. దవళేశ్వరమున ఆరంభమగు ఆ కథ నడచుచు నడచుచు రాజమహేంద్రవరమునకు, అచటి నుండి పెద్దాపురసీమకు పోవును. నడచుచు అనుటలో అతిశయోక్తి లేదు, పాత్రలు నడతురు. కాశికి బయలుదేరిన కుటుంబమునకు నల్లకొండ దగ్గఱ దొంగలు తగులుదురు. కుమార్తె రుక్మిణి చనిపోయినదనుకొని విడిచిపోవుదురు. ఆమె బ్రదికి పురుషవేషమున తిరుగును. ఆమె భర్త కాశిలో మరణించెనని వార్త వచ్చును. ఆ వార్త అబద్ధమని తేలుటకు గ్రంథము చివర వఱకు కాలము పట్టును. గోల్డుస్మిత్తు నవల ఛాయ దీనియందు కలదని అందఱును చెప్పుదురు, అది సరియే. కాని ఈ కథాసంవిధానమును మోయునది గోల్డుస్మిత్తు కాదు, దారి. దారి పొడవు, వార్త ఆలస్యము, చీకటిపడిన తావున నిలిచిపోవలసిన విధి, ఎదురుపడినవాడు మారువేషపు రాజో దొంగయో తెలియనితనము – ఈ నాలుగింటిని తీసివేసినచో రాజశేఖరచరిత్రమున కథ మిగులదు. నీతి మాత్రమే మిగులును.

పంతులు ఈ కథను పూర్వకాలమున పెట్టినాడు. ఆయన వ్రాయునాటికి మద్రాసు సీమలో రైలు ఇరువది యేండ్ల నాటిది. 1856లోనే రాయపురము నుండి బండి నడచినది. గోదావరి గట్టునకు మాత్రము అది ఇంకను చేరలేదు. అనగా, నడకదారి సత్యమై, దాని కాలము తీరిపోవుచున్నదను ఎఱుక కూడ కలిగిన సంధికాలమున మా ఊరిలో తొలి నవల పుట్టినది. ఇది యాదృచ్ఛిక మనుకొనను. వేగము వచ్చునని తెలిసినవానికే నెమ్మది కథావస్తువగును. 1830–31లో కాశికి పోయి వచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యకు దారి కథ కాదు; అది దినచర్య. ఆయన మజిలీ వెంట మజిలీ వ్రాసికొన్నాడు. దొరకు బియ్యము, ఉండు సత్రము, దాటవలసిన ఏఱు. దారి యిట్లే యుండునని, ఎన్నటికిని ఇట్లే యుండునని ఆయన విశ్వాసము. ఏబది యేండ్లలోపల ఆ విశ్వాసము చెదరినది. చెదరినచోటనే నవల మొలకెత్తినది.

1893–1900 నడుమ కాలమును గూర్చి ఒక మాట. నదికి రెండు వైపుల దారి పడినది. నది మీద వంతెన లేదు. ఈ వైపున రాజమహేంద్రవరము, ఆ వైపున కొవ్వూరు. నడుమ గోదావరిని పూర్వము వలెనే నీటిమీదనే దాటవలెను. ఇనుపదారి ఆగి పడవకు దారి యిచ్చిన ఆ కొలది యేండ్లు మా ఊరి చరిత్రలో మిక్కిలి రమ్యమైన ఘట్టమని నా తలంపు. బండి దిగి, మూట నెత్తిన పెట్టుకొని, ఇసుక తిన్నెలు దాటి, పడవ యెక్కి, మరల బండి యెక్కు ప్రయాణికుని యందు రెండు యుగములు ఒక్క దినమున ఇమిడినవి. ఈ ఘట్టముపై ఒక కథయైనను, ఒక ఖండికయైనను నాకు కనబడలేదు. వంతెన పూర్తియగుటతో మద్రాసు, కలకత్తాల నడుమ తీరపుదారి కలిసినదని అందఱు వ్రాయుదురు. ఆ కలయికతో రేవున పని పోయినవారెవరని ఎవరును అడుగరు. వంతెనకు గవర్నరు పేరున్నది. ఇంజనీరు పేరు గ్రంథములలో నున్నది. ఏటియిసుకలో నూతులు దించి, రాతిస్తంభములు లేపినవారికి మేస్త్రీ, ఖలాసీ అను జాతివాచకములే మిగిలినవి.

రైలు వచ్చిన పిమ్మట మా ఊరివారు వ్రాసిన స్వీయచరిత్రలు మన భాషలో ఉత్తమమైన వచనమునకు నిధులు. వీరేశలింగము, చిలకమర్తి, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి, ఈ పట్టణమున చదివి వకీలై మునిసిపలు అధ్యక్షుడై మద్రాసునకు తరలిన టంగుటూరి ప్రకాశము – వీరి జీవితములలో రైలు లేని యేడు చివర చివర ఒక్కటియు నుండదు. అయినను వీరి గ్రంథములలో రైలు ప్రధానముగా ఒక క్రియాపదము: ఎక్కిరి, దిగిరి. ఎక్కుటకును దిగుటకును నడుమ వాక్యము లేదు. నడకదారిని పుటలకొలది చెప్పిన భాష, ఇనుపదారిని ఒక అసమాపకక్రియతో దాటివేసినది. దీనిని రచయితల దోషముగా లెక్కింపను. వేగము వర్ణనకు ఎడము ఇయ్యదు. అది ప్రయాణమును గమ్యముల జతగా మార్చును. కాని పరిశోధకుడు ఈ మార్పును గుర్తింపవలెను. తెలుగు వచనమున యాత్ర అను ప్రక్రియ సన్నగిల్లి, ప్రయాణమను పని మిగులుటకు కారణము ఇందున్నది.

శ్రీపాదవారియందు మాత్రము ఒక సూక్ష్మము కలదు. ఆయన ‘అరికాళ్ళక్రింద మంటలు’ కథలో ఇల్లు విడిచిన వితంతువు చేరునది వీరేశలింగము పంతులు తోట. ఆమెను చేర్చునది జట్కాబండి. 1881 డిసెంబరు 11న ఈ పట్టణమున తొలి వితంతువివాహము జరిగినప్పుడు ఊరికి రైలు లేదు. శ్రీపాదవారి కథాలోకమునకు రైలు తెలియును. కాని ఆయన నమ్మకము జట్కావానిమీద. జట్కా రైలునకు తోబుట్టువు. టేసనులో దిగినవానిని వీథిలోనికి చేర్చు కొఱవడిన అంగుళము అది. రైలు ప్రయాణికుని మాట వినదు. జట్కావాడు వినును, బదులు చెప్పును, జాలిపడును. సంభాషణమే ప్రాణముగా కథ వ్రాయువాడు ఏ బండి యెక్కునో వేఱుగ చెప్పవలెనా?

జనాచారము రచయితలకన్న ముందు నడచినది. వంతెన దాటునప్పుడు కిటికీలోనుండి గోదావరిలో కాసు విసరి చేయి జోడించుట నేటికిని ప్రయాణికులలో కలదు. ఇది శాస్త్రములలో లేదు. ఇనుపదారి పుట్టించిన ఆచారము. పూర్వము నదిని దాటువాడు నీటిలో దిగకుండ దాటుట యెట్లు? దిగినవాడు స్నానము చేయును, సంకల్పము చెప్పును. బండి ఆగదు, నీరు అందదు, మిగిలినది కాసు. స్నానదానముల రెండింటిలో స్నానము జాఱిపోగా దానము చిల్లరగా మిగిలినదన్నమాట. కొన్ని నిమిషములలో ముగియవలసిన ఈ తీర్థవిధిని గూర్చి పుష్కర సంచికలు మౌనము వహించుట నాకు చోద్యము. వంతెన మొదటనే గోదావరి యను పేర ఒక చిన్న స్టేషను, దానికి దాపుననే పుష్కరాల రేవు. నదియు, బండియు ఒకే పేర పిలువబడుచోట ఆచార మెట్లు మాఱినదో విచారించుటకు ఇంతకన్న తగిన తావు లేదు.

ఇప్పుడు నదిమీద మూడు రైలువంతెనలు కలవు. బండ్లు నడచునవి రెండు. 1974లో తెఱచిన రెండవదానియందు క్రింద ఒంటిదారి రైలు, మీద రోడ్డు, ఖానాలు 34. దీనిని జనులును పత్రికలును ‘రోడ్డు కం రైలు వంతెన’ యందురు. నడుమనున్న ‘కం’ లాటిను విభక్తిప్రాయమైన మాట. మన ‘తోడ’ చేయవలసిన పనిని గోదావరి గట్టున లాటిను చేయుచున్నది. దీనిని విని నవ్వుకొనని తెలుగు ఉపాధ్యాయుడుండడు. మూడవది 1997లో సిద్ధమైన కాంక్రీటు విల్లుల వంతెన. ఖానాలు 28, ఒక్కొక్కటి 97.55 మీటర్లు. మొదటిదాని ఖానాలలో సరిగా సగము. ఒక్కొక్క అంగ రెట్టింపుకన్న ఎక్కువైనది. రాయి, ఉక్కు, కాంక్రీటు – మూడు తరముల పదార్థములు ఒకే చూపునకు అందునట్లు ప్రక్కప్రక్కన నిలిచి యున్నవి. ధ్వనియు మాఱినది. ఉక్కువంతెన బండిని మ్రోయించును. కాంక్రీటు అంతగా మ్రోయింపదు. గోదావరి వచ్చినదని కన్నులు మూసికొన్నవానికి కూడ తెలిపిన ఆ మ్రోత నేడు తగ్గినది. వంతెనపై రైలు మ్రోత పాతనవలలలో చదివిన విద్యార్థి దానిని అలంకారమని భ్రమింపరాదు. అది ఆనాటి ఉక్కు చెప్పిన యథార్థము.

దారి యజమానులు కూడ మాఱిరి. తీరపు ప్రభుత్వ రైల్వే దక్షిణభాగము 1901లో మద్రాసు రైల్వే చేతికి వచ్చినది. 1908లో మద్రాసు, దక్షిణ మహరాష్ట్ర రైల్వే. 1951లో దక్షిణ రైల్వే. 1966లో దక్షిణమధ్య రైల్వే. ఊరి మాటలో ఈ పేరు లొక్కటియు పాదుకొనలేదు. కుంపిణీ పోయిన తరువాత కూడ చాలకాలము రైలు కుంపిణీవారిదే. ఊరి పేరు సంగతి వేఱు. రాజమహేంద్రవరమను పెద్దపేరును నోటివాడుక రాజమండ్రిగా కుదించెను. ఆ కుదించిన రూపమునే టిక్కెట్టు, కాలపట్టిక, పలక దేశమంతట చాటినవి. 2015లో ప్రభుత్వము పెద్దపేరును మరల నిలిపినది. శాసనము నిలిపిన పేరునకు, టిక్కెట్టు నిలిపిన పేరునకు పోటీ యేర్పడినప్పుడు జనులు దేనిని పలుకుదురో వినుట భాషాశాస్త్రవిద్యార్థికి మంచి అభ్యాసము.

పోయిన దారి ఎక్కువ కథలు చెప్పించునను మాట మా పొరుగున నిజమైనది. కాకినాడ, కోటిపల్లి నడుమ 1928లో వేసిన దారిని 1940లో యుద్ధావసరములకై పెఱికి తీసికొనిపోయిరి. మరల పట్టాలు పడినది 2004లో. నడుమ అఱువదినాలుగేండ్లు. బండి లేని కాలముననే బండి జ్ఞాపకము బలపడును.

హేవలాకు వంతెనకు ఇట్టి కాలమే 1997లో ఆరంభమైనది. ఆ యేట దానిమీద బండ్లు నిలిచినవి. తరువాతి యేండ్లలో దానిని విహారస్థలము చేయు తలంపులు పలుమాఱులు పుట్టినవి. 2025లో అఖండ గోదావరి యను పేర చేపట్టిన పనులలో దానిని కూడ చేర్చిరి. విహారస్థలమైనచో దానిపై ఫలకము లుండును. ఫలకములపై తెలుగు వాక్యము లుండవలెను. ఆ వాక్యములను వ్రాయువారు పుష్కర సంచికలోని పేరానే మరల ఎత్తి వ్రాసినయెడల 56 ఖానాలు, గవర్నరు పేరు, తలమానికము – ఇంతే మిగులును. ఇది వట్టి అలంకారవిషయము కాదు. ఊరి పిల్లలు తమ ఊరిని గూర్చి రాతిమీద చదువు మొదటి వచనము అదియే యగును. దవళేశ్వరపు రాళ్ళబండి పట్టాలు, కొవ్వూరి రేవు, పడవవారి పని, కిటికీలోని కాసు ఆ వచనములో చోటు పొందవలెను. అందులకు కావలసిన సామగ్రి గ్రంథాలయములలో కన్న ఎక్కువగా రైలుపేటలలోని వృద్ధుల నోట నున్నది. కట్టమీద పనిచేసినవారు, ఇంజనులో బొగ్గు వేసినవారు, వంతెన చివర కావలియున్నవారు వాడిన పనిమాటలు ఏ నిఘంటువునకును సరిగా ఎక్కలేదు. ఆవిరి కాలమున ఇరువది యేండ్లవాడైనను నేడు ఏబదికి తక్కువ వయసువాడు కాడు. పెద్దలు ఎనుబది దాటినవారు. మన శాఖలో మాండలికవృత్తిపదములపై పని కోరు విద్యార్థులు సాలెవారి మాటలు, కుమ్మరుల మాటలు, జాలరుల మాటలు సేకరించుచున్నారు. రైలు కట్టమీది మాటలు పరదేశపు మాటలని వానిని విడుచుట తగదు. టేసను, ఖలాసీ, ఖానా, కూత – ఇవి తెలుగువాడు నూఱేండ్లకు పైగా నమలి తనవిగా చేసికొన్న మాటలు. గోదావరి స్టేషను నుండి కాలినడకన పోదగిన దూరముననే వీనిలో ననేకము నేటికిని వినవచ్చును.